జిల్లా అడగడం మానేసిన వెబ్‌సైటు

నమోదు ఎలా చేసుకోవాలో, ఓటీపీ ఎన్ని నిమిషాలకు వస్తుందో, ఫొటో పెట్టడం తప్పనిసరో కాదో నేను ఇక్కడ రాయబోవడం లేదు. అవి ఏ వెబ్‌సైటులోనైనా ఇంచుమించు ఒకటే. మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దులోని మా సిరోంచ ప్రాంతంలో సాయం కావలసినవారిని, సాయం చేయగలవారిని కలిపే ఒక స్వచ్ఛంద బృందం వెబ్‌సైటును నేను దాని పాత రూపంలో కొన్నాళ్లు, మొదటిసారి మార్చిన రూపంలో సుమారు ఏడాది, రెండోసారి మార్చిన రూపంలో దాదాపు రెండేళ్లు వాడాను. ఇన్నాళ్లూ నేను దాన్ని వదలకుండా ఉండటానికి కారణం ఒకే ఒక గడి. సహాయకులు తమ వివరాలు నింపే చోట "మీరు ఎలాగూ వెళ్లే దారులు" అని అడుగుతుంది. ఏ రోజుల్లో, ఏ ఊరి నుంచి ఏ ఊరి దాకా, ఏ బండిలో వెళ్తారో అక్కడ రాయాలి. చూడటానికి చాలా మామూలు గడి. అయితే ఇది రాకముందు అదే చోట మరొక గడి ఉండేది. దాని మీద నా కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు కనుక ముందు ఆ సంగతే చెప్పాలి.

అంతకన్నా ముందు నా గురించి రెండు మాటలు చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ వెబ్‌సైటులో నాకు కనబడిన మంచిచెడ్డలు చాలావరకు నా పరిస్థితిని బట్టి కనబడినవే. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మా తాలూకాలో ఇది వింత కాదు. మా ఇల్లు బస్టాండుకు నాలుగు అడుగుల దూరం. అందువల్ల చదువు రానివారు, ఫోను ఉన్నా అందులో అక్షరాలు కొట్టడం చేతకానివారు వచ్చి మా వరండాలో కూర్చుని "సారూ, గా కంప్యూటర్ల మా పేరు ఎక్కియ్యిరి" అంటారు. ఇన్నేళ్లలో నేను పెట్టిన అభ్యర్థనల్లో నా సొంతానికి పెట్టినది ఒక్కటే, మోకాలు పట్టేసిన నెలలో మంచిర్యాల నుంచి మందులు తెచ్చిపెట్టమని. తక్కినవన్నీ ఇతరుల తరఫున పెట్టినవే.

పాత రూపంలో ఆ వెబ్‌సైటు పేర్లు, ఊళ్లు, ఫోను నంబర్లు వరుసగా రాసిన పొడవాటి జాబితా మాత్రమే. కావలసినవారు చూసుకుని ఫోను చేసుకునేవారు. నంబర్లు అందరికీ కనబడేవి కనుక ఆడవాళ్లకు వేళకాని వేళల్లో తెలియనివారి నుంచి ఫోన్లు వచ్చేవి. జాబితాలో మొదట ఉన్న నలుగురైదుగురికే అందరూ ఫోను చేసేవారు, అడుగున ఉన్నవారిని అడిగే దిక్కే ఉండేది కాదు. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత ఒకేసారి పొంగి, ఒడ్డు గ్రామాల జనాన్ని మెరకకు తరలించవలసి వచ్చినప్పుడు, నదికి రెండు వైపుల నుంచీ ఎందరో కొత్తవారు సహాయకులుగా పేర్లు ఇచ్చారు. ఆ పేర్లన్నీ చేరాక జాబితా ఎవరికీ చదవశక్యం కాకుండా పోయింది. ఆ ఏడాది చివరికి వెబ్‌సైటును మొదటిసారి మార్చారు.

మార్చిన రూపం చూసి మొదట సంతోషించినవారిలో నేనూ ఉన్నాను. బృందం వాట్సాప్ గ్రూపులో దాన్ని మెచ్చుకుంటూ పెద్ద సందేశమే పెట్టాను. ఇద్దరూ ఒప్పుకున్న తరువాతనే ఒకరి నంబరు మరొకరికి కనబడేలా చేశారు, అక్షరాలు పెద్దవి చేశారు, తెలుగు, మరాఠీ రెండింటిలోనూ పేజీలు పెట్టారు. ఆ మూడింటికీ ఇచ్చిన మెప్పును నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. నేను గమనించనిది ఏమిటంటే, అభ్యర్థన పెట్టగానే మొదట వచ్చే మూడు ప్రశ్నలు: రాష్ట్రం, జిల్లా, తాలూకా. జత కూర్చే పని అంతా ఆ మూడు గడుల లోపలే జరుగుతుందని, ఆ గీత దాటి వెబ్‌సైటు చూడనే చూడదని నాకు తట్టలేదు. లెక్కల మాస్టరుకే తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది?

మా ఊరి నైసర్గిక స్థితి తెలియనివారికి ఈ గీత ఎందుకంత అనర్థమో అర్థం కావాలంటే కొంచెం వివరించాలి. సిరోంచ తాలూకా మహారాష్ట్రకు ఆగ్నేయపు కొన. పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. 1982లో చంద్రపూర్ నుంచి విడదీసి గడ్చిరోలి జిల్లాను ఏర్పరిచారు. ఆ జిల్లా కేంద్రం మాకు ఉత్తరాన ఆలాపల్లి అడవి దారి మీదుగా సుమారు 200 కిలోమీటర్లు. దక్షిణాన గోదావరి వంతెన దాటితే తెలంగాణలోని కాళేశ్వరం కూతవేటు దూరం. ఆ వంతెన 2016లో ప్రారంభమైనప్పటి నుంచి మాకు కంటి ఆపరేషన్ అయినా, ఎముక విరిగినా, పురిటిలో ఇబ్బంది వచ్చినా, దారి వరంగల్ వైపో మంచిర్యాల వైపో తిరుగుతుంది. పెళ్లి సంబంధాలు అటే, సరుకులు అటే, సినిమాలూ అటే. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు రెండు లింగాలుగా వెలిశారు. అంత ఇరుకు చోటులో దేవుళ్లు ఇద్దరు సర్దుకున్నారు గాని, అంత విశాలమైన వెబ్‌సైటు పేజీలో మహారాష్ట్ర, తెలంగాణ పక్కపక్కన ఇమడలేకపోయాయి.

ఇంకొక చిక్కు కూడా ఉండేది. తెలంగాణను ఎంచుకున్నవారికి కనబడే జిల్లాల జాబితా 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనకు ముందుది. జయశంకర్ భూపాలపల్లి అందులో లేదు, మంచిర్యాల లేదు. మహదేవపూర్ వారు వేరే దారి లేక కరీంనగర్ అని, చెన్నూరు వారు ఆదిలాబాద్ అని నింపేశారు. అంటే నా వరండా నుంచి షేర్ ఆటోలో అందుకోగల సహాయకులు వెబ్‌సైటు లెక్కలో రాష్ట్రం కాని రాష్ట్రంలో, జిల్లా కాని జిల్లాలో ఉన్నారు.

2023 ఫిబ్రవరిలో అసరెల్లి వైపు పల్లె నుంచి ఒక అవ్వ మా ఇంటికి వచ్చింది. రెండు కళ్లలోనూ శుక్లాలు. వరంగల్‌లో ఒక కంటికి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. తోడు లేకుండా రావద్దని చెప్పారు. కొడుకు, కోడలు మిరపకాయ ఏరడానికి ఖమ్మం వైపు పోయారు. ఆ రోజుల్లో మా తాలూకా పల్లెల్లో సగం ఇళ్లకు తాళాలే కనబడతాయి. పోనీ కొడుకును రమ్మందామంటే కూలి పోతుందని అవ్వకే ఇష్టం లేదు. నేను వెబ్‌సైటు తెరిచి, సిరోంచ నుంచి వరంగల్ వెళ్లి, ఒక రాత్రి అక్కడ ఉండి, మరుసటి రోజు కట్టు విప్పించి తీసుకురావాలని, తెలుగు వచ్చినవారు, వీలైతే ఆడవారు కావాలని రాశాను. రాష్ట్రం మహారాష్ట్ర, జిల్లా గడ్చిరోలి, తాలూకా సిరోంచ అని నింపాను. అరగంట గడవకముందే ఆకుపచ్చ టిక్కుతో "సహాయకుడు దొరికారు" అని వచ్చింది. అవ్వకు చూపిస్తే ఆ టిక్కు ఆమెకు ఎలాగూ కనబడలేదు గాని, దండం పెట్టింది.

ఆ సహాయకుడు గడ్చిరోలి పట్టణంలో కాలేజీలో చదువుకుంటున్న కుర్రవాడు. అతని తప్పు ఏమీ లేదని ముందే చెప్పాలి. అతనికి వచ్చిన సందేశంలో జిల్లా పేరు పెద్ద అక్షరాలతో, తాలూకా పేరు కింద ఎక్కడో చిన్న అక్షరాలతో ఉన్నాయి. జిల్లా పేరూ, జిల్లా కేంద్రం పేరూ ఒకటే కావడంతో, ఎవరో ముసలామె గడ్చిరోలి పట్టణంలోనే ఉందనుకుని మంచి మనసుతో ఒప్పుకున్నాడు. మరునాడు ఉదయం ఫోను చేసి మరాఠీలో, "గురూజీ, ఆజీని (అవ్వను) గడ్చిరోలి బస్టాండుకు తీసుకురండి, నేను అక్కడ నిలబడి ఉంటాను, అక్కడి నుంచి నేను చూసుకుంటాను" అన్నాడు. వరంగల్ మాకు దక్షిణాన. అతను మమ్మల్ని ఉత్తరానికి 200 కిలోమీటర్లు రమ్మంటున్నాడు. పైగా అతనికి తెలుగు రాదు, అవ్వకు తెలుగు తప్ప మరొకటి రాదు. భాష గడి నింపాను, ఆడవారు కావాలని రాశాను. అవి రెండూ "ఐచ్ఛికం" అని ఉన్న గడులు కనుక వెబ్‌సైటు వాటిని చదివి పక్కన పెట్టేసిందని తరువాత తెలిసింది.

సరే, పొరపాటు తెలిసింది కదా, అతను తప్పుకుంటే మరొకరు వస్తారని అనుకున్నాను. అసలు ముడి అక్కడే పడింది. ఒకరు ఒప్పుకున్న అభ్యర్థన రెండు రోజుల పాటు ఇతరులకు కనబడదు. ఒప్పుకుని తప్పుకున్న సహాయకుడికి "విశ్వాస పాయింట్లు" తగ్గుతాయి. ఆ కుర్రవాడు అప్పుడే చేరాడు, పాయింట్లు తగ్గితే తనను ఇక ఎవరూ పిలవరని భయపడ్డాడు. నన్నే రద్దు చేయమన్నాడు. నేను రద్దు చేస్తే అవ్వ పేరు మీద మచ్చ పడుతుంది, పైగా కొత్త అభ్యర్థన పెట్టడానికి మళ్లీ ఆగాలి. ఇద్దరం మర్యాదగా "మీరు నొక్కండి" అంటే "మీరు నొక్కండి" అనుకుంటూ ఒక పూట గడిపాం. చివరకు అతనే నొక్కాడు. అప్పటికి మిగిలినది ఒక రాత్రి. ఆ రాత్రి ఎవరూ దొరకలేదు. తెల్లవారుజామున అవ్వ చీర, సద్ది, ఆసుపత్రి కాగితాలు మూట కట్టుకుని మా వరండాలో కూర్చుని ఉంది. నా మోకాలు ఆ నెలలోనే పట్టేసింది, మా ఆవిడకు జ్వరం. ఎండ ఎక్కే దాకా కూర్చుని, "గడ్చిరోలిల ఉన్నోడు నన్నెట్ల తోల్కపోతడు సారూ, గా మిషినికి గంత కూడ తెల్వదా?" అని అడిగి, మూట పట్టుకుని వెళ్లిపోయింది. ఆపరేషన్ తేదీ పోయింది. ఆ కంటికి ఏప్రిల్‌లో, మిరప పనులు ముగిసి కొడుకు తిరిగి వచ్చాక గాని చికిత్స జరగలేదు.

నాకు కోపం తెప్పించినది ఆ రోజు జరిగినది మాత్రమే కాదు, తరువాత తెలిసినది. మహదేవపూర్‌లో చీరల దుకాణం నడిపే ఒకామె వరదల సమయంలోనే సహాయకురాలిగా చేరింది. సరుకు కోసం పదిహేను రోజులకొకసారి వరంగల్ వెళ్తుంది, రాత్రికి హనుమకొండలో అక్క ఇంట్లో ఉంటుంది, మరునాడు తిరిగి వస్తుంది. అవ్వ తేదీ నాడు కూడా ఆమె వరంగల్‌లోనే ఉంది. ఆమె పక్క సీటు ఖాళీగా కూడా ఉండి ఉండవచ్చు. వెబ్‌సైటు దృష్టిలో ఆమె తెలంగాణ, కరీంనగర్.

నేను ఆ కోపంలో బృందానికి రెండు పేజీల ఉత్తరం రాశాను. వెబ్‌సైటు తయారు చేసినవారిలో నా పాత విద్యార్థి ఒకడున్నాడు, పుణెలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ఉత్తరం చదివి ఫోను చేశాడు. జత కూర్చడం పెద్ద శాస్త్రమని, 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే గణితజ్ఞులు రెండు గుంపుల మధ్య ఎవరూ విడిపోవాలనుకోని విధంగా జతలు ఎలా కుదర్చవచ్చో నిరూపించారని, ఆ దారిలో చేసిన కృషికి షాప్లీకి, ఆల్విన్ రాత్‌కు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చిందని చెప్పాడు. విని సంతోషించాను, అయితే ఒక్క మాట అడిగాను: ఆ నిరూపణలో ప్రతివారూ తమకు ఎవరు మొదట ఇష్టమో, ఎవరు తరువాతో ఒక వరుస రాసి ఇస్తారు కదా, మనం అవ్వను ఏమి అడిగాం? ఏ రాష్ట్రమని అడిగాం. అవ్వకు కావలసినది తన మాట అర్థమయ్యే ఆడమనిషి, వరంగల్ బస్సు ఎక్కే మనిషి. ఆ రెండింటినీ ఐచ్ఛికం చేశాం. వాడు కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. మంచి విద్యార్థి, ఎప్పుడూ అంతే.

మొదట వాళ్లు చేసిన దిద్దుబాటు నన్ను ఇంకా ఇబ్బందిలో పెట్టింది. రాష్ట్రం, జిల్లా తీసేసి, మ్యాపు మీద ఎవరు ఎవరికి ఎంత దూరమో కొలిచి, దగ్గరవారిని చూపించడం మొదలుపెట్టారు. ఆ దూరం పక్షి ఎగిరే దూరం. రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం సరళరేఖ అని ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద రాసినవాడిని నేనే కనుక, ఏమని ఆక్షేపించను? కాళేశ్వరం విషయంలో అది బాగానే పనిచేసింది, ఎందుకంటే అక్కడ వంతెన ఉంది. ఎగువకు పోయి ప్రాణహిత ఒడ్డున ఒక పల్లెకు మందులు కావాలని అభ్యర్థన పెడితే, అవతలి ఒడ్డున వేమనపల్లి వైపున్న సహాయకుడిని చూపించింది. మధ్యలో నది. రేవులో పడవ ఉన్న రోజున అది అరగంట దూరం, పడవ లేని రోజున చెన్నూరు వంతెన దాకా దిగి, చుట్టూ తిరిగి రావాలి. ఆ పద్ధతిని నెలన్నర నడిపి, వాళ్లే ఆపేశారు.

2023 చివరలో వచ్చిన రెండో మార్పుతోనే నేను మొదట చెప్పిన గడి వచ్చింది. రాష్ట్రం అడగదు, జిల్లా అడగదు. సాయం కోరేవారిని "ఎక్కడ బండి ఎక్కుతారు, ఎక్కడికి చేరాలి, ఏ రోజు" అని మాత్రమే అడుగుతుంది. సహాయకులను వారు ఎలాగూ వెళ్లే దారులు అడుగుతుంది. ఇంటి చిరునామా ఎక్కడున్నా సరే, రెండు దారులు ఎక్కడ కలుస్తాయో చూస్తుంది. భాష, ఆడవారా మగవారా అన్నవి ఐచ్ఛికం కావు. సాయం కోరేవారు "ఎవరైనా సరే" అని టిక్కు పెడితేనే వాటిని వదిలేస్తుంది. ఎవరో ఒకరు ఒప్పుకున్నా, ప్రయాణానికి ముందు ఇద్దరూ ఒకసారి ఫోనులో మాట్లాడుకునే దాకా అభ్యర్థన ఇతరులకు కూడా కనబడుతూనే ఉంటుంది. చెప్పుకుంటే ఇవన్నీ చిన్న మార్పులే.

2024 ఫిబ్రవరిలో అవ్వ రెండో కంటికి తేదీ వచ్చింది. మళ్లీ మిరప కాలం, మళ్లీ కొడుకు ఇంట్లో లేడు. నిజం చెప్పాలంటే నేను ఆమెకు మొహం చూపించలేక, ఈసారి నేనే వస్తానన్నాను. అయినా అలవాటు కొద్దీ అభ్యర్థన పెట్టాను: సిరోంచ, వరంగల్, బుధవారం. గంటలోపే మహదేవపూర్ ఆమె పేరు వచ్చింది. ఆమె ఆ వారం మంగళవారం వెళ్లవలసి ఉండగా, వెబ్‌సైటు అడిగితే బుధవారానికి మార్చుకుంది. "ఒక్క రోజు జరిపితే ఒక మనిషికి తోడు కాగలరు" అని చూపించిందట. ఒకరోజు అటూ ఇటూ జరిపి చూడమని ఆ వెబ్‌సైటుకు ఎవరు నేర్పారో గాని, నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించినది అదే. ఇది ఎక్కడా ప్రకటించలేదు, ఏ సందేశంలోనూ గొప్పగా చెప్పుకోలేదు.

నేను అవ్వను షేర్ ఆటోలో వంతెన దాటించి కాళేశ్వరం బస్టాండులో అప్పగించాను. చీరల ఆమె మహదేవపూర్ నుంచి ఎదురు వచ్చింది, "రా అవ్వా" అంటూ మూట తీసుకుంది. తరువాత బస్సులో జరిగిన సంగతి అవ్వ నాకు చాలాసార్లు చెప్పింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆ రాష్ట్రపు ఆడవారికి ఉచిత ప్రయాణం. చీరల ఆమెకు సున్నా టికెట్టు వచ్చింది. అవ్వ తన ఆధార్ కార్డు చూపిస్తే అది మహారాష్ట్రది కనుక కండక్టరు పూర్తి టికెట్టు కొట్టాడు. మా వైపు ఎస్టీ (మహారాష్ట్ర ప్రభుత్వ రవాణా) బస్సులో 75 ఏళ్లు నిండినవారికి 2022 ఆగస్టు నుంచి టికెట్టే లేదు, కాని ఆ వరం మహారాష్ట్ర పొలిమేర దాకానే. ఒకే సీటులో కూర్చున్న ఇద్దరిలో వయసు మళ్లినామె డబ్బులిచ్చి, వయసులో ఉన్నామె ఊరికే వెళ్లడం అవ్వకు ఎంతకీ మింగుడు పడలేదు. అయితే వెబ్‌సైటు ఈ సంగతి ముందే చెప్పింది. జత కుదిరిన పేజీలో అడుగున "టికెట్ ఖర్చు" అని ఒక వరుస ఉంది, అందులో అవ్వకు పూర్తి ఛార్జీ, తోడు వచ్చేవారికి లేదు అని రాసి ఉంది. అందువల్ల చిల్లర సహా డబ్బు ఆమె కొంగున ముడివేసి పంపగలిగాను. అంతకు ముందు ఏడాది అదే పేజీలో ఆకుపచ్చ టిక్కు తప్ప మరేదీ ఉండేది కాదు.

ఆపరేషన్ అయింది, రాత్రి హనుమకొండలో ఆ అక్క ఇంట్లోనే పడుకుంది, మరునాడు కట్టు విప్పారు, సాయంత్రానికి తిరిగి వచ్చింది. కంటి చుక్కలు ఏ మందు రోజుకు ఎన్నిసార్లో, ఏ వారం నుంచి తగ్గించాలో చీరల ఆమె కాగితం చూసి పేజీలో తెలుగులో రాసింది; ఆ నెలంతా నేను అది చదివి వినిపించాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని అవ్వ మా వరండాలో కూర్చుని దారిన పోయేవారిని పేరు పెట్టి పిలుస్తుంటే నాకు కలిగిన ఆనందం ఈ సమీక్ష మొదట్లోనే రాయవలసినది. ఆ ఆనందంతోనే అప్పట్లో ఈ గడి గురించి అందరికీ చెప్పాను, చెన్నూరు బంధువులకు చెప్పాను, ఆసుపత్రి బయట టీ కొట్టు దగ్గర కూడా చెప్పాను. ఇప్పుడైతే కొంచెం తగ్గించి చెబుతాను.

తగ్గించడానికి మొదటి కారణం వాన. వెబ్‌సైటు దగ్గరున్న ప్రయాణ కాలాలు ఎండాకాలపు కాలాలు. వాగు పొంగి దారి తెగినా, అది తెగలేదనే అనుకుంటుంది. 2025 మే 15 నుంచి 26 దాకా కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగినప్పుడు వాన లేకుండానే ఇదే జరిగింది. ఆ రోజుల్లో రోడ్డు మీద కార్లు, బస్సులు కదలక నిలబడి ఉంటే, వెబ్‌సైటు మాత్రం కాళేశ్వరం నుంచి మహదేవపూర్‌కు మామూలు సమయమే చూపించింది. దాన్ని నమ్మి బయలుదేరిన ఒక గర్భిణి, ఆమె తోడు మనిషి ఎండలో చాలాసేపు ఇరుక్కుపోయారు. వాళ్లను పంపినది నేనే కనుక, దేవుని దయవల్ల ఏమీ కాలేదు అని రాసి ఊరుకోవడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

రెండో కారణం ఇంకా లోతైనది, దాన్ని నేను ఏడాది తరువాత గాని గమనించలేదు. ఎలాగూ వెళ్లే దారి అంటే జనం వెళ్లే దారి. సిరోంచ, కాళేశ్వరం, మహదేవపూర్, భూపాలపల్లి, పరకాల, వరంగల్: ఈ వరుస మీద ఎక్కడున్నా మనకు తోడు దొరుకుతుంది. చెన్నూరు, మంచిర్యాల వరుస మీదా అంతే. ఆ రోడ్డు నుంచి లోపలికి, అడవి వైపు నాలుగైదు కోసులు జరిగిన పల్లెకు ఎవరు ఎలాగూ వెళ్తారు? అక్కడివాళ్లు అక్కడికే వెళ్తారు. అలాంటి పల్లె నుంచి నేను పెట్టిన అభ్యర్థనలకు ఎక్కువసార్లు "ఈ దారిలో ప్రస్తుతం ఎవరూ లేరు" అనే జవాబు వచ్చింది. నేను అంత తిట్టిన ఆ జిల్లా గడి తప్పుడు మనిషినైనా చూపించేది. ఆ గడ్చిరోలి కుర్రవాడు కనీసం ఫోనైనా చేశాడు. లోపలి పల్లెల్లో చాలామంది గోండీ, మాడియా మాట్లాడతారు, తెలుగూ మరాఠీ అంతంత మాత్రం. భాషల జాబితాలో చాలాకాలం ఆ రెండూ లేవు, "ఇతర" అని మాత్రమే ఉండేది. భాష తప్పనిసరి అయ్యాక "ఇతర" అని రాసినవారికి జతే కుదరలేదు. నేను అడిగి అడిగి ఆ రెండు పేర్లూ చేర్పించాను. పేర్లు చేరాయి గాని, ఆ భాషలు వచ్చిన సహాయకులు ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

మరొక విషయం నాకు చీరల ఆమె చెప్పేదాకా తట్టలేదు. ఫలానా రోజున ఫలానా ఊరికి వెళ్తానని రాసుకోవడమంటే, ఆ రాత్రి నా ఇంటికి తాళం వేసి ఉంటుందని రాసుకోవడమే. మొదటి నెలల్లో ఆ రోజులు నమోదైన ప్రతివారికీ కనబడేవి. ఆమె గొడవపెట్టాక, జత కుదిరే దాకా రోజు దాచి, దారి మాత్రమే చూపిస్తున్నారు. ఇది మంచి మార్పే. కాని అప్పటికే చేరిన ఆడవారిలో కొందరు తమ దారులు చెరిపేసుకున్నారు, వాళ్లు తిరిగి రాయలేదు. విశ్వాస పాయింట్లు అయితే ఇంకా ఉన్నాయి. ఎందుకున్నాయో నాకు అర్థం కాదు. మా ఊళ్లో ఎవరి మీద ఎంత గురి పెట్టుకోవాలో జనానికి తెలుసు, దానికి అంకెలు వేయవలసిన పని లేదు.

కాబట్టి ఎవరైనా ఈ వెబ్‌సైటు వాడవచ్చా అని అడిగితే, ముందు మీ ఊరు ఎక్కడ అని తిరిగి అడుగుతాను. బస్సు రోడ్డు మీద ఉంటే, తెలుగో మరాఠీయో వచ్చి ఉంటే, వెళ్లవలసింది నది అవతలి పట్టణాలకైతే, నిస్సందేహంగా వాడండి. నేను చూసినంతలో దీన్ని మించినది మా వైపు లేదు. అహేరి, ఆలాపల్లి వైపు సంగతి నేను చెప్పలేను, వాళ్ల ప్రయాణాలు చాలావరకు ఉత్తరానికే కనుక వాళ్లకు ఆ పాత జిల్లా గడి కూడా ఇబ్బంది కలిగించి ఉండకపోవచ్చు. నేను పింఛను తీసుకుంటూ, బస్టాండు పక్కన కూర్చుని, రెండు భాషలు చదవగలవాడిని. జత తప్పినా ఫోన్లు చేసి సరిదిద్దే తీరిక నాకుంది. ఆ తీరిక లేనివారి అనుభవం వేరుగా ఉంటుంది. అయిదు నక్షత్రాల్లో ఎన్ని అని తప్పనిసరిగా అడుగుతున్నారు కనుక, కార్తీకం నుంచి వైశాఖం దాకా నాలుగు, తొలకరి నుంచి దసరా దాకా రెండున్నర. ఈ వారం ఏ దారి తెగిందో ఊరివాళ్లే నొక్కి చెప్పడానికి ఒక గడి పెట్టమని మళ్లీ ఉత్తరం రాశాను. ఈసారి ఒక పేజీలోనే ముగించాను. మా విద్యార్థి చూశానని బొటనవేలు గుర్తు పంపాడు, ఇంకా ఫోను చేయలేదు.